లాభం, రెండు, మూడు

చిన్న వ్యాపారులకు లెక్క కట్టి చెప్పడం నా వృత్తి. బోర్డు మీద కాస్ట్ అకౌంటెంట్ అని ఉండేది. అది చూసి చాలామంది పన్ను కాగితాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాళ్ళు. పన్నుల పని వీధి చివర చేస్తారని పంపేసేదాన్ని. నా దగ్గర తేలవలసిన ప్రశ్నలు వేరు. ఈ సరుకు ఎంతకు అమ్మితే గిడుతుంది? ఈ వ్యాపారం నడపాలా, మానాలా? బెంగళూరులో తొంభైల మొదటినుంచి పదిహేనేళ్ళకు పైగా ఆ రెండు ప్రశ్నలతోనే బతికాను.

ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఫోన్ మోగితే, అప్పు కావాలా అని అడిగే ఏదో బ్యాంకు అమ్మాయి. వడ్డీ నెలకా ఏడాదికా, అసలు తగ్గుతూ ఉంటే వడ్డీ కూడా తగ్గుతుందా అని అడుగుతాను. ఫోన్ పెట్టేస్తుంది. వృత్తిలో ఉన్నప్పుడు కూడా మనుషులు ఇంచుమించు ఇలాగే నా ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. కాకపోతే కాస్త మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్ళేవాళ్ళు.

మొన్నామధ్య ఒక కాలేజీలో, ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలతో మాట్లాడమన్నారు. ఒకబ్బాయి లేచి, లెక్కలన్నీ కంప్యూటర్ చేసి పెడుతుంటే ఇంక మన పనేముంది మేడమ్ అన్నాడు. మంచి ప్రశ్న. అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇదంతా ఆ అబ్బాయి కోసం రాస్తున్నాను. కూడికలూ తీసివేతలూ ఎప్పుడూ మన పని కాదు బాబూ. లెక్కలోంచి ఏ వరసను జారవిడిచారో కనిపెట్టడం, దాన్ని మళ్ళీ తెచ్చి పెట్టడం మన పని. ఆ వరసను జారవిడిచిన మనిషికి అది జారిపోవడమే సుఖంగా ఉంటుంది. అందుకని తెచ్చి పెట్టిన మనిషి మీద ప్రేమ కలగదు. ఇది తెలిసి రండి.

తొమ్మిది

మా నాన్న బడిపంతులు. మా ఊళ్ళో సంస్కరణ సంఘం ఒకటి నడిపేవాడు. ఆదివారం సాయంత్రాలు తీర్మానం పెట్టి వాదన. నాకు పదేళ్ళు వచ్చేసరికి నన్ను కూడా నిలబెట్టేవాడు. ఎప్పుడూ నాకు ఇష్టం లేని పక్షమే ఇచ్చేవాడు. ఎవరైనా "అందరూ అంటున్నారు" అంటే, "ఎవరెవరు? పేర్లు చెప్పండి" అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నా చేతపట్టుకుని నేను బెంగళూరు వచ్చాను. బెంగళూరుకు అది పెద్దగా నచ్చలేదు.

మొదటి ఉద్యోగం పీణ్యలో, పంపులకు విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో. మా మేనేజరు రామశేషయ్యగారు. పని తెలిసిన మనిషి, యంత్రం చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పగలిగేవాడు. అలాంటి మనిషి, టెండరు వేసే ముందు ధరలో అంకెలు కూడితే తొమ్మిది రావాలనేవాడు.

ఒకసారి పెద్ద ఆర్డరు. ఒక్కో పీసుకూ మాకయ్యే ఖర్చు ఏడు వందల నలభై ఒకటి అని తేల్చాను. ఏడు వందల అరవై వేయమన్నాను. ఆయన వేళ్ళు మడిచి చూశాడు. ఏడూ ఆరూ పదమూడు. ఒకటీ మూడూ నాలుగు. పనికిరాదు. ఏడు వందల ముప్పై ఎనిమిది రాశాడు.

"సార్, ఇది ఖర్చు కంటే మూడు రూపాయలు తక్కువ."

"తొమ్మిది వచ్చిందా లేదా?"

"వచ్చింది. మూడు పోయింది."

"ఏమమ్మా, నీకు దేవుడి మీద కోపమా, నా మీద కోపమా?"

టెండరు మాకే వచ్చింది. ఆఫీసంతా మైసూరుపాకు పంచారు. నా బల్ల దగ్గర ఆగి, "ఇప్పుడేమంటావు?" అన్నాడు. తక్కువకు ఇస్తామంటే ఎవరైనా కొంటారు సార్, అందుకు తొమ్మిది ఎందుకు, అన్నాను. నలుగురి ముందు అన్నాను. పది రోజులు తిరగకుండా నన్ను స్టోర్సుకు మార్చారు.

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. యంత్రాలు ఖాళీగా ఉన్నప్పుడు, మామూలు ఖర్చు కంటే కాస్త తక్కువకు కూడా ఆర్డరు ఒప్పుకోవచ్చు. ఇనుమూ కూలీ పోను ఎంతో కొంత మిగిలితే ఫ్యాక్టరీ అద్దెకు పనికొస్తుంది. అది మూఢత్వం కాదు. కానీ మా యంత్రాలు ఖాళీగా లేవు. ఈ తొమ్మిది కోసం, లాభం వచ్చే ఆర్డర్లను వెనక్కి పెట్టి, పంపే ప్రతి పీసుకూ మూడు రూపాయలు కట్టి మరీ పంపాం. తొమ్మిదిని నమ్మినవాడి మీద నాకు అంత కోపం లేదు. నష్టాన్ని మైసూరుపాకుతో పంచిపెట్టి గెలుపన్నవాళ్ళ మీద ఇప్పటికీ ఉంది.

స్టోర్సులో ఏడాది ఉన్నాను. మధ్యాహ్నం డబ్బా విప్పితే ఎదురుగా ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నాతో కూర్చుంటే మేనేజరుకు తెలుస్తుందని. సంఘం సభల్లో వాదన ఎలా గెలవాలో నేర్పారు గానీ, గెలిచాక అన్నం ఎవరితో తినాలో నేర్పలేదు. మానేసి, సొంతంగా పని చేసుకోవడానికి చిక్కపేటలో ఒక మేడ మీద గది తీసుకున్నాను.

మేడ మీద గది

చిక్కపేటలో గదికి కిటికీ ఉంటే చాలు, ఊరంతా లోపలికి వస్తుంది. తోపుడుబండ్ల వాళ్ళ కేకలు, బేళ్ళు దించే హమాలీలు, కన్నడం, తెలుగు, మార్వాడీ, ఉర్దూ. నా గది కిందనే కనకమ్మ చీరల అంగడి. భర్త పోయాక తనే నడుపుకుంటోంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఎన్నో తరాల కిందట బెంగళూరు చేరిన తెలుగువాళ్ళు. పుట్టింటివాళ్ళది ధాన్యం వ్యాపారం.

మొదటి రోజు పొద్దున నేను బీరువా సర్దుకుంటుంటే కింద చీరలు లెక్కపెడుతున్నారు. "లాభం, రెండు, మూడు, నాలుగు..." ఇంకో కట్ట. "లాభం, రెండు, మూడు..." ధాన్యం కొలిచేచోట మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనడం మనవాళ్ళ అలవాటే. చీరల కొట్లో వినడం అదే మొదలు. ఆ పూటంతా విన్నాను. మర్నాడు పొద్దున మళ్ళీ అదే. ఊరుకోలేకపోయాను. మెట్లు దిగాను.

"ఏమండీ, ఒకటి ఏమైంది?"

కట్ట మీంచి తల ఎత్తి, "ఎవురమ్మా నువ్వు?" అంది.

"మేడ మీద గదిలో దిగాను. లెక్కలు చేస్తాను."

"లెక్కలు చేసేదానివి, లాభం అంటే ఒగటని తెల్దా?"

"తెలుసు. అసలు ఇంకా ఒక్క చీర కూడా అమ్మలేదు. లాభం ఎక్కడినుంచి వచ్చిందీ అని."

ఆమె చీర పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందకు చూసింది. "ఒగటి అంటే ఒంటిగా ఉండాదని కదప్పా. పొద్దున్నే మొదులు మొదులే ఒంటిది అని ఎవురన్నా అంటారా? లాభం అంటే వెనకాల ఇంగొకటి వస్తాది. కూచో. టీ తాగతావా?"

అలా మొదలైంది. ఆ తరువాత సాయంత్రం గిరాకీ తగ్గాక రోజూ కిందకు దిగేదాన్ని. స్టూలు ఒకటి నాకోసం ఉండేది. ఆమె నన్ను లెక్కలమ్మ అని పిలిచేది. మొదట్లో అది వెక్కిరింపు, తరవాత పేరైపోయింది. బోణీ బేరం మీద, రాహుకాలం మీద, కొట్టు గుమ్మానికి కట్టిన నిమ్మకాయ మీద రోజూ యుద్ధం. ఆ నిమ్మకాయ ఖర్చు కూడా రాసుకో అంటే, "రాస్తా. నీ టీ ఖర్చు కిందనే రాస్తా, రెండూ దిష్టికే కదా," అనేది. గల్లీలో నా మీద అంత చక్కగా ఎవరూ నోరు చేసుకోలేదు. మిగతావాళ్ళు మేడమ్ అని పక్కకు తప్పుకునేవాళ్ళు.

నాకు చుట్టాలు లేరని కాదు. పెళ్ళికి ముహూర్తం ఎందుకని అడిగినందుకు ఇద్దరు, పోయినవాళ్ళ పేరు చెప్పి అంత ఖర్చెందుకని అడిగినందుకు నలుగురు దూరమయ్యారు. ఇప్పుడు అడగమన్నా అవే ప్రశ్నలు అడుగుతాను. కానీ ఆదివారాలు పొడుగ్గా ఉండేవి. చిక్కపేటకు ఆదివారం సెలవు. మూసిన షట్టర్ల మధ్య నుంచి నడిచివెళ్ళి, పని ఉన్నా లేకపోయినా గది తెరిచి కూర్చునేదాన్ని.

బాడిగ, బాడిగ, బాడిగ

ఏదైనా వ్యాపారం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న, లాభం ఎప్పుడు మొదలవుతుందీ అని. ఎంత అని కాదు, ఎప్పుడు. మన వ్యాపారుల్లో నూటికి తొంభై మందికి ఇది తెలియదు. కొన్న ధర, అమ్మిన ధర, మధ్యలోది లాభం అనుకుంటారు. ఆ మధ్యలోదాని కోసం అరడజను మంది కాచుకుని ఉంటారని చూడరు.

కనకమ్మతో ఈ మాట మీద వారం రోజులు వాదించాను. ఒకరోజు విసుగొచ్చి, చీరల అట్టపెట్టె మూత చింపి, వెనకాల రాశాను. ఒక చీర మీద సగటున ఎంత మిగులుతోంది? దానితో ఒక్కో రోజు ఖర్చును భాగించు. అద్దెకు ఎన్ని చీరలు కావాలి? పనివాళ్ళిద్దరికీ ఎన్ని? కరెంటుకు? సరుకు మీద వడ్డీకి?

"బాడిగేంది? అంగడి నాదే కదా."

"నువ్వు ఇక్కడ కూర్చోకపోతే ఇంకెవరైనా కూర్చుంటారు. వాళ్ళు బాడిగ ఇస్తారు. నువ్వు కూర్చున్నందుకు ఆ బాడిగ నీకు రావడం లేదు. అది ఖర్చే."

"నా అంగడికి నేనే బాడిగ కట్టేదా! బలే దానివే. నా మొగుడు వింటే నవ్వి మల్లా చచ్చిపోతాడు."

"నీ జీతం ఎంత?"

"నాకెవురిస్తారు సంబళం?"

"అదే అడుగుతున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంకో కొట్లో నిలబడితే ఇస్తారు కదా. అది కూడా వరసలో ఉండాలి."

ఆమె చాలాసేపు అట్టముక్క చూసింది. అప్పటి లెక్కలో పది చీరలు అమ్మేదాకా అన్నీ వాళ్ళవీ వీళ్ళవీ. పదకొండోది లాభం. "అంటే, నేను మొదులే లాభం అంటాండా. నువ్వు ఆకరికి అంటాండావు," అంది. అంతకంటే బాగా ఆ పాఠాన్ని నేను ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం నేను దిగేసరికి, అమ్మిన ప్రతి చీరకూ కొత్త లెక్క పలుకుతోంది. మొదటి చీర మడిచి ఇస్తూ "బాడిగ". రెండోది "బాడిగ". మూడోది "బాడిగ". తరవాత "కూలి, కూలి, కరెంటు, వడ్డీ, వడ్డీ, సంబళం, సంబళం". నన్ను ఏడిపించడానికే మొదలుపెట్టింది. కొనడానికి వచ్చినవాళ్ళు తెల్లబోయేవాళ్ళు. హమాలీ మల్లేశికి అది పెద్ద వేడుక. బేలు దించుతూ, "ఏమక్కా, ఇంకా కరెంటు కాడనే ఉండావా? పక్కంగట్లో అప్పుడే లాభమంట!" అనేవాడు. "వాళ్ళకు లెక్క రాదులేరా," అనేది కనకమ్మ.

పొద్దున సరుకు లెక్క మాత్రం పాత పద్ధతే. లాభం, రెండు, మూడు. అది మార్చుకోమన్నాను. "పగులంతా నీ మాట వింటాండా కదా. పొద్దున ఒగ్గడియ నా మాట నన్ననుకోనీ," అంది.

వెక్కిరింతగా మొదలైనది అలవాటైంది. అలవాటయ్యాక దాని వల్ల పని జరిగింది. ఏ రోజు లాభం దాకా వచ్చిందో, ఏ రోజు వడ్డీ దగ్గర ఆగిందో ఆమె నోటికి తెలుసు. కదలని సరుకు తెప్పించడం మానేసింది. కట్టల కొద్దీ అప్పు సరుకు మానేశాక వడ్డీ రెండు చీరల నుంచి ఒకటికి దిగింది. అలా గడిచిన ఏడేళ్ళూ నా వృత్తి జీవితంలో మంచి ఏళ్ళు. మిగతావాళ్ళకు పెద్ద పెద్ద రిపోర్టులు రాసిచ్చాను. వాటిని ఎవరు చదివారో తెలియదు. ఈమె మాత్రం నా పాఠాన్ని రోజంతా పైకి పలికేది, నేను మేడ మీదనుంచి వినేదాన్ని.

డబ్బా భోజనం

రెండు వేల సంవత్సరం తరవాత బెంగళూరు మారింది. మూఢనమ్మకం కూడా ఇంగ్లీషు నేర్చుకుంది.

కుందలహళ్ళిలో టెక్ పార్క్ దగ్గర ముగ్గురు తెలుగు కుర్రాళ్ళు ఆఫీసులకు మధ్యాహ్న భోజనం డబ్బాలు పంపే వ్యాపారం పెట్టారు. నన్ను పిలిచి లెక్క చూడమన్నారు. డబ్బాకు నలభై రూపాయలు అవుతోంది, ముప్పైకి అమ్ముతున్నారు. "స్కేల్‌లో వచ్చేస్తుంది మేడమ్. రోజుకు ఐదు వేల డబ్బాలకు పోతే ఇన్వెస్టర్ వస్తాడు," అన్నాడు వాళ్ళలో చురుకైనవాడు.

"నలభైలో బియ్యం, కూర, గ్యాసు ఎంత?"

"ముప్పై రెండు."

"అంటే వంటింటి అద్దె లేకపోయినా, మీరు జీతం తీసుకోకపోయినా డబ్బాకు రెండు రూపాయలు పోతోంది. ఐదు వేల డబ్బాలయితే ఏమవుతుంది?"

"మేడమ్, మీరు చాలా నెగటివ్‌గా చూస్తున్నారు."

ఎక్కువ చేస్తే తగ్గేది, మొత్తంగా పెట్టే ఖర్చులో ఒక్కో డబ్బాకు పడే వాటా. వంటిల్లు అద్దె వంద డబ్బాలకూ అంతే, వెయ్యి డబ్బాలకూ అంతే. కానీ బియ్యం డబ్బా డబ్బాకూ మళ్ళీ పెట్టాలి. టోకున కొంటే కాస్త తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో అడిగారా అన్నాను. అడగలేదు. "మార్కెట్ అంతా అంటోంది మేడమ్" అన్నారు. మా నాన్న ప్రశ్న మళ్ళీ నోటికొచ్చింది. ఎవరెవరు? పేర్లు చెప్పండి. నవ్వారు. నా ఫీజు ఇచ్చి, ఆటో దాకా దిగబెట్టి, మళ్ళీ పిలవలేదు. రామశేషయ్యగారికి తొమ్మిది ఉన్నట్టే వీళ్ళకు స్కేల్ ఉంది. ఆయనకు కనీసం వేళ్ళు మడిచి కూడటం వచ్చు.

ఆ రోజు ఆటోలో చిక్కపేట చేరేసరికి చీకటి పడుతోంది. కింద కనకమ్మ కొట్లో దీపం ఉంది. ఎవరూ కొనేవాళ్ళు లేరు. "బాడిగ," అంది నన్ను చూసి. "పొద్దున్నుంచి ఎన్ని?" అన్నాను. "బాడిగ అయిపోలేదింకా."

మూడు గళ్ళు

జరుగుతున్నది నాకు ముందే తెలుసు. చిక్కపేటలో అద్దెలు పెరుగుతున్నాయి. ఒకప్పుడు మూడు చీరలతో తీరే బాడిగకు ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది కావాలి. చీర మీద మిగిలేది మాత్రం తగ్గుతోంది, జనం పెద్ద షోరూములకు పోతున్నారు. ఆమె లెక్క రోజంతా ఒకే మాటలో నడిచేది. బాడిగ, బాడిగ, బాడిగ. మల్లేశి కూడా ఎగతాళి మానేశాడు.

అప్పుడు వచ్చాడు తిప్పేస్వామి, కనకమ్మ మరిది. చిక్కపేట అంగడినీ, ఆమె ఉంటున్న ఇంటినీ తాకట్టు పెట్టి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏసీ షోరూము తెరుద్దామని. వాస్తు చూసే ఆయన ఈశాన్యం బ్రహ్మాండంగా ఉందన్నాడట.

"వదినా, ఆ కంప్యూటర్ ఆడోళ్ళు పండక్కొస్తే పట్టుచీర లేకుండా ఉంటారా? ఈ గల్లీలో ఈగలు తోలుకుంటా ఎన్నాళ్ళుంటావు?"

"లెక్కలమ్మను అడిగి చెప్తా," అంది కనకమ్మ.

"ఆమెకు దేవుడు లేడు, దిక్కు లేదు. ఆమెనేంది అడిగేది?"

"దేవుడు లేనోళ్ళకు అబద్ధం చెప్పాల్సిన పని లేదప్పా. అందుకే అడిగేది."

ఆ వారం నేను ఇంకే పనీ పెట్టుకోలేదు. హెచ్‌ఎస్‌ఆర్‌లో రెండు రోజులు తిరిగి అద్దెలూ గిరాకీ చూసి వచ్చాను. శుక్రవారం సాయంత్రం కిందకు దిగి, వదినా మరిదీ ఇద్దరి ముందూ అట్టపెట్టె మూత తిరగేసి మూడు గళ్ళు గీశాను. ఒకటి షోరూము. రెండు ఇప్పుడున్నట్టే నడపడం. మూడు అంగడి మూసి అద్దెకిచ్చేయడం.

షోరూము గడి సులభంగా తేలింది. అక్కడి అద్దె, ఏసీ, మనుషులు, అప్పు వడ్డీ. రోజుకు ఎన్ని పట్టుచీరలు అమ్మితే మొదటి లాభం వస్తుందో లెక్కగట్టి, పండగ నెలలో అక్కడి పెద్ద కొట్లు అమ్మేవాటితో పోల్చి చూపించాను. రెండేళ్ళు తిరిగేసరికి ఇల్లు పోతుంది. తిప్పేస్వామి లేచి వెళ్ళిపోయాడు. ఈశాన్యాన్ని ఏ గడిలో వేయాలో నాకు తెలియదని వెనకనుంచి చెప్పాను. ఆ మాట అనకుండా ఉండవలసిందని మీరనుకోవచ్చు. నేననుకోను.

మిగిలిన రెండు గళ్ళూ పక్కపక్కన. కనకమ్మ రెండో గడి మీద వేలు పెట్టింది.

"ఇది నిలబడతాదా?"

"లేదు. మూడోదే. అంగడి అద్దెకిచ్చెయ్. ధర్మవరంలో మీ అక్క రమ్మంటోంది కదా. ఆ బాడిగలో ఇద్దరూ దర్జాగా ఉండొచ్చు. ఇల్లు కూడా మిగులుతుంది."

"ఈ బాడిగ వరస తీసేస్తే?"

"తీసేస్తే ఇప్పటికి నిలబడుతుంది."

"చిక్కపేటలో ఎవురూ రాయరు ఆ వరస. నువ్వే కదా తెచ్చి పెట్టింది. తీసెయ్యి."

పెన్ను నా చేతిలోనే ఉంది. ఒక్క గీత. ఆ గీత గీస్తే ఆమె ఉంటుంది. స్టూలు ఉంటుంది, టీ ఉంటుంది, సాయంత్రం మెట్లు దిగితే నన్ను తిట్టే మనిషి ఉంటుంది. గల్లీ అంతా అలాగే లెక్క కడుతోంది, ఎవరూ నన్ను తప్పు పట్టరు. ఆమె కూడా అదే కోరుతోంది. ఆ వరస లేకుండా ఇంకో అయిదారేళ్ళు, నెమ్మదిగా సరుకు తింటూ, ఆమె అక్కడే కూర్చుని ఉండేది. ఆ తరువాత అప్పులకు అంగడీ ఇల్లూ పోయి చేతిలో ఏమీ ఉండేది కాదు.

"తీయను," అన్నాను.

ఆమె అట్టముక్కను పక్కకు జరిపింది. గ్లాసులో టీ చల్లారింది.

"నేను పోతే నువ్వు టీ ఎవురితో తాగతావు?"

"అది నీ లెక్కలోది కాదు కనకమ్మా."

"మరి ఎవురి లెక్కలోది?"

పెన్నుకు మూత పెట్టాను. కొత్తగా వస్తున్న మీకు చెబుతున్నాను. ఎదుటి మనిషి గడిలో మీ ఖర్చు రాయకండి. మీకు ఎంత అవసరమైనా రాయకండి. డాక్టరు తనకు తోచడం లేదని రోగిని ఆస్పత్రిలో ఉంచుకోడు. నాది మాత్రం ఏ గడిలో రాయాలని అడిగితే, ఇప్పటికీ నాకు తెలియదు. మా చదువులో దానికి పేరు లేదు. లేదు కాబట్టి లెక్కలే అబద్ధమని, మనసు మాట వినాలని పాడేవాళ్ళతో నేను చేతులు కలపను. లెక్క ఆమె ఇంటిని కాపాడింది. మనసు మాట వింటే ఇద్దరం కూర్చుని ఆ ఇంటిని టీలో కలుపుకుని తాగేవాళ్ళం.

ఆఖరి చీర

సరుకు తగ్గించుకోవడానికి మూడు నెలలు పట్టింది. కట్టలు కట్టలుగా పక్క వ్యాపారులు తీసుకున్నారు. పనివాళ్ళిద్దరికీ ఇవ్వవలసింది ఇచ్చి, ఒకరిని ఎదురు కొట్లో, ఒకరిని తెలిసినవాళ్ళ దగ్గర పెట్టించింది. బ్యాంకు అప్పు తీరింది. శానిటరీ సామాను అమ్మే ఒకతను అంగడి అద్దెకు తీసుకున్నాడు. అతని అద్దె మర్నాటినుంచి మొదలు.

ఆఖరి రోజు కరెంటు మీటరు అతని పేరుకు మార్చడానికని మధ్యాహ్నమే వైరు తీసేశారు. నేను దిగేసరికి లోపల సగం చీకటి. అరలన్నీ ఖాళీ. గుమ్మానికి నిమ్మకాయ కూడా లేదు. మల్లేశి వచ్చి ఆఖరి బెంచీ మోసుకుపోతున్నాడు. "మేడమ్మా, ఇంక ఎగతాళి ఎవురిని చేసేది?" అని నన్నే అడిగి వెళ్ళాడు.

కనకమ్మ ఒడిలో ఏదో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. నా స్టూలు మీద.

"అన్నీ పోయాయా? ఎన్ని మిగిలాయి?"

"లాభం," అంది.

ఒక్కటే చీర. ముదురు ఆకుపచ్చ, చిన్న జరీ అంచు. అంచులో ఒకచోట పోగు తప్పిందని ఎవరూ కొనలేదు.

"ఒకటి అనలేవా? ఇవాళైనా?"

"నా అంగడి మూసేనాడు కూడా నీ మాటే చెల్లల్లనా? నీ లెక్కలోనే చెప్పు చూద్దాం. ఈ చీర అమ్మితే ఏమనల్ల?"

నేను వేళ్ళు మడిచాను, రామశేషయ్యగారిలాగా. బాడిగ, రేపటినుంచి ఆమెకే వస్తుంది. కూలి తీరిపోయింది. కరెంటు, తీగే లేదు. వడ్డీ లేదు. సంబళం, రేపటినుంచి ఆమె ఇక్కడ నిలబడదు. ముందు కాచుకున్నవాళ్ళంతా తీసుకుని వెళ్ళిపోయారు. ఇంక ఎవరికీ వాటా లేదు.

"లాభమే," అన్నాను.

"ఆ!" అంది. ఇన్నేళ్ళలో మా ఇద్దరి లెక్కా ఒక మాట దగ్గర కలిసింది అప్పుడే. ఆమె గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చీర నాకు ఇవ్వబోయింది. ఊరికే తీసుకోనన్నాను. పోగు తప్పిందని బేరమాడమంది. ఆడనన్నాను. పూర్తి ధర ఇచ్చాను. ఆమె ఆ నోట్లను, పొద్దున బోణీకి చేసినట్టు, కళ్ళకు అద్దుకుంది. ఎన్నిసార్లో ఆ పనిని ఎగతాళి చేసినదాన్ని. ఊరుకున్నాను.

షట్టర్ ఇద్దరం కలిసి దించాం. బస్సుకు టైమవుతోందని ఆటో ఎక్కింది. "రావే ధర్మవరం," అంది. వస్తానన్నాను.

మర్నాడు మామూలు వేళకే మెట్లెక్కి గది తెరిచాను. బల్ల మీద ఎవరిదో బేకరీ లెక్క సగంలో ఉంది. కాసేపటికి కింద షట్టర్ లేచిన చప్పుడు. బండి వచ్చి ఆగింది. కొత్త అంగడి మనుషులు అట్టపెట్టెలు దించుతూ లెక్కపెడుతున్నారు.

"ఒందు, ఎరడు, మూరు..."

సరిగ్గానే పెడుతున్నారు. ఒకటితోనే మొదలుపెడుతున్నారు. నేను ఇన్నేళ్ళూ అడిగింది అదే. కిటికీ మూసి బేకరీ లెక్క ముందుకు లాక్కున్నాను.